మధ్య గదిలో రెండో ఫోను

నా సెల్‌ఫోను ముందు కెమెరా మీద ఒక బొట్టుబిళ్ళ అంటించి ఉంటుంది. మెరూన్ రంగుది, చిన్నది. వీడియో కాల్ చేసిన చుట్టాలందరూ "నువ్వు కనవడ్తలేవేందే" అంటారు. కనపడకూడదనే కదా అంటించాను. "నిన్ను చూసి ఎవరేం చేసుకుంటరమ్మా" అని మా అమ్మాయి నవ్వుతుంది. ఏమో, ఎవరికి తెలుసు? నేను టీవీని కూడా రిమోట్‌తో ఆపి ఊరుకోను, గోడ దగ్గర స్విచ్ కట్టేస్తాను. బడిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆవిరి యంత్రం వచ్చాక దేశాలు ఎలా మారాయో ఏళ్ళ తరబడి బోర్డు మీద రాశాను. ఫోను వచ్చాక మా సందు ఎలా మారిందో మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

ఇప్పుడు మేముండేది ఎల్బీనగర్ దాటాక, అల్మాస్‌గూడ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. ఇక్కడ గేటు దగ్గర కొత్త పద్ధతి పెట్టారు. ఎవరొచ్చినా సెక్యూరిటీ అతను ఫోటో తీస్తాడు, అది మన ఫోనుకొస్తుంది, ఫోను మోగుతుంది. ఫోటో కింద రెండు గుండ్రాలు. ఆకుపచ్చది నొక్కితే గేటు తీస్తాడు, ఎర్రది నొక్కితే పంపించేస్తాడు. మనిషితో మాట్లాడే పని లేదు. అదే దాని గొప్పతనమని మీటింగులో సెక్రటరీగారు చెప్పారు.

పోయిన వారం మా గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మెట్లు కడిగే ఆమె మూడో అంతస్తులో ఒక ఫ్లాటు తలుపు పక్కన, కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఫోను ఉంది. చీపురు గోడకు ఆనించి ఉంది. అలా చాలాసేపు నిలబడింది. ఆ ఫ్లాటులో మొగుడూ పెళ్ళాల గొడవ అప్పటికే అన్ని అంతస్తులకూ పాకింది. "ఈమే వింటోంది, రికార్డు కూడా చేస్తోంది" అని ఒకరు రాశారు. పది మంది అవునన్నారు. ఆమె పేరును పనివాళ్ళ జాబితాలోంచి తీసేశామనీ, ఎవరూ లోపలికి అనుమతించవద్దనీ సెక్రటరీగారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి మరీ రాశారు. నేనూ ఆ వీడియో మూడుసార్లు చూశాను. నాకూ అనుమానం వచ్చింది. దాచడమెందుకు, సెక్రటరీగారి మాట కింద బొటనవేలి బొమ్మ కూడా పెట్టాను.

ఆదివారం పొద్దున మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. ఫోను మోగింది. తెర మీద మెట్లు కడిగే ఆమె ముఖం. ఎవరింటికి అని అడిగితే నా ఫ్లాటు నంబరు చెప్పిందన్నమాట. నా వేలు ఎర్ర గుండ్రం మీదికే పోయింది. వేలికి మామిడి సొన అంటుకుని ఉండటంతో పైట కొంగుకు తుడుచుకోబోయాను. ఆదివారం పొద్దున, ఆవకాయ వాసన, మోగుతున్న ఫోను. ఆ మూడూ ఒక్కచోట చేరేసరికి వేలు ఆగిపోయింది. మోగీ మోగీ అదే ఊరుకుంది.

మా నాయనకు బస్సు డిపోలో పని దొరికాక మమ్మల్ని నల్లగొండ వైపు పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ తెచ్చాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో. కిరాయికి రెండు గదులు. ఎండాకాలం వస్తే పండ్ల మార్కెట్ నుంచి మా సందు దాకా వాసన కొట్టేది. మగ్గిన మామిడి, తడిసిన గడ్డి, కుళ్ళిన బత్తాయి, లారీల పొగ, అన్నీ కలిసిన వాసన. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, ఆ వాసనే పట్నం వాసన. "పట్నం మొత్తం మాగపెట్టిన పండు లెక్కనే ఉంటదే, పైన పసుపు, లోపట పులుపు" అనేది.

ఇల్లుగలవాళ్ళు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఓనరమ్మను మేం ఆంటీ అనేవాళ్ళం. ఆమె భర్త ఆఫీసుకు పోతే సాయంత్రానికి గానీ రాడు. ఇంట్లో రాజ్యమంతా ఆమెదే. చెడ్డ మనిషి కాదు. నాకు మొదటిసారి పెసరట్టు పెట్టింది ఆమే. మా అమ్మ చేసిన సర్వపిండి అడిగి తీసుకుని, గిన్నె ఖాళీగా పంపకుండా గోంగూర పచ్చడి పెట్టి పంపేది. అయితే ఆమె ఇంటికి ఫోను వచ్చింది. అప్పటి నుంచి ఆమె కొంచెం వేరే మనిషైంది, మేమూ అంతే.

మా సందు మొత్తానికి అదొక్కటే ఫోను. హాలు మూలన బల్ల మీద, అల్లిక గుడ్డ కప్పుకుని కూర్చునేది. మాట్లాడే చోట గుండ్రటి అత్తరు బిళ్ళ అంటించారు. ఎత్తితే మల్లెపూల వాసన. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి, ఒక నిమ్మకాయ కూడా పెట్టేది ఆంటీ. ఆ నంబరు అందరి పెళ్ళికార్డుల మీదా, డిపోలో మా నాయన కాగితాల మీదా ఉండేది, పక్కన పీపీ అని రాసి. ఫోను వాళ్ళది, నంబరు సందందరిదీ.

దానికొక రివాజు ఉండేది. ఫోను మోగితే ఆంటీ ఎత్తుతుంది. "ఎవరు కావాలండీ? పది నిమిషాలాగి చెయ్యండి" అంటుంది. తర్వాత నన్ను కేకేస్తుంది. నేను పరిగెత్తుకెళ్ళి ఆ మనిషిని పిలుచుకురావాలి. ఆ మనిషి తల దువ్వుకుని, చీర సర్దుకుని, పేరంటానికి వచ్చినట్టు వస్తుంది. మాట్లాడటం అయ్యాక వెంటనే పోకూడదు. "ఏమిటటా?" అని ఆంటీ అడుగుతుంది. వచ్చిన కబురు ఎంతో కొంత చెప్పి పోవాలి. అదే ఫోను వాడుకున్నందుకు మర్యాద. అందరూ సగం చెప్పేవాళ్ళు. మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆంటీ సాయంత్రం దాకా ఆలోచించేది.

ఫోను రాకముందు మా సందులో రహస్యాలు లేవనే చెప్పాలి. నల్లా దగ్గర బిందెలు పెట్టి ఎవరి సంగతి వాళ్ళే గొంతెత్తి చెప్పుకునేవాళ్ళు. మొగుడు కొట్టినా, కూర మాడినా అందరికీ తెలిసేది. ఫోనొచ్చాక మనుషులు గొంతు తగ్గించడం నేర్చుకున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ తలుపు వైపు చూడటం నేర్చుకున్నారు. చెవులున్నాయేమోనన్న భయం ఉంటేనే కదా రహస్యం పుట్టేది. నాకు ఇది అప్పుడు తెలియదు, పాఠాలు చెప్పీ చెప్పీ తర్వాత తోచింది.

అవ్వకు ఫోనంటే గిట్టేది కాదు. ఒకసారి ఊరి నుంచి మా మేనమామ చేస్తే బలవంతంగా చెవి దగ్గర పెట్టాం. విని, రిసీవరు తిప్పి వెనక వైపు చూసింది.

"గొంతొక్కటే ఒచ్చింది. మనిషేడే?" అంది.

"ఊర్ల ఉన్నడవ్వా."

"ఆడుంటె ఆడుండి మాట్లాడాలె. మొకం అవుపడకుంట మాట్లాడితె నిజమో అబద్ధమో ఎట్ల ఎరుకైతది?"

మేమంతా పడీ పడీ నవ్వాం. ఆంటీ అయితే వారం రోజులు ఆ మాటే చెప్పి నవ్వింది.

ఇక నా దొంగతనం సంగతి. ఆంటీ వాళ్ళ మధ్య గదిలో ఇంకో ఫోను ఉండేది. హాల్లో దానికి జంట. ఒకటి ఎత్తితే రెండోదాంట్లో మాటలు వినపడతాయి. ఆ గదిలో కూలర్ ఉండేది, వట్టివేళ్ళ వాసన వేసేది. ఫోను వస్తే పరిగెత్తేదాన్ని కాబట్టి, ఎండాకాలం సెలవుల్లో అక్కడ కూర్చుని బొమ్మలు వేసుకోనిచ్చేది ఆంటీ. మొదటిసారి రిసీవరు ఎత్తినప్పుడు టక్కుమని చప్పుడైంది. తర్వాత కిటుకు కనిపెట్టాను. రిసీవరు కింద ఉండే గుండీని ముందే వేలితో నొక్కి పట్టుకోవాలి, రిసీవరు ఎత్తాలి, అప్పుడు వేలు మెల్లగా, చాలా మెల్లగా వదలాలి. రెండో అరచేతితో మాట్లాడే చోటు మూసేయాలి, మన ఊపిరి వినపడకుండా. చీమ చిటుక్కుమన్నా తెలియదు. సందులో అందరి సగాలూ నా దగ్గర పూర్తిగా ఉండేవి. పదేళ్ళ పిల్లకు అంతకన్నా ఏం కావాలి? నిజంగా, బడిలో ఫస్టు వచ్చినా అంత సంతోషం లేదు.

వాటన్నిటిలో నాకు ఇష్టమైన ఫోను దవాఖానక్కది. ఆమె డాబా మీద ఒంటి గదిలో ఉండేది, ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. సూర్యాపేట అవతల ఏదో ఊరు. దగ్గరికొస్తే డెట్టాలు వాసన, దాని కింద కొబ్బరినూనె వాసన. నాకు గ్లూకోజు పొడి అరచేతిలో పోసేది, మందుల ఖాళీ అట్టపెట్టెలు తెచ్చిచ్చేది. వాటితో నేను బస్సు డిపో కట్టేదాన్ని. ప్రతి ఐతారం, అంటే ఆదివారం, పొద్దున పది దాటాక ఆమెకు బొంబాయి పక్కన భివండీ నుంచి ఫోను వచ్చేది. ఆమె ఊరివాడే, అక్కడ మగ్గాల షెడ్డులో పని. షెడ్డు పక్కన బూత్ నుంచి చేసేవాడు. అతని గొంతు వెనక మగ్గాలు టకటకమని మోగుతూనే ఉండేవి.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఆఁ."

తర్వాత కాసేపు మగ్గాలే మాట్లాడేవి. ఇద్దరూ ఊరుకుని వాటిని వినేవాళ్ళు. మధ్య గదిలో నేనూ వినేదాన్ని. ఆంటీ "ఏమిటటా?" అని అడిగితే అక్క "ఏం లేదాంటీ, మంచిగున్నరట" అని మెట్లెక్కేది. ఈ ఒక్క అమ్మాయి దగ్గరే ఆంటీకి పావు వంతు కూడా దొరికేది కాదు. దానికి ఆమెకు లోపల కోపముండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఒక ఐతారం అతని గొంతు వేరుగా ఉంది.

"ఈడ ఒక అర్ర జూసిన. ఇగ ఎన్నిరోజులని ఫోన్ల మాట్లాడుకుంటం? నువ్వు ఊఁ అంటె పెద్దోళ్ళను తోలిస్త. ఏమంటవ్?"

మగ్గాలు టకటకలాడాయి.

"వచ్చే ఐతారం జెప్త" అంది చివరికి.

"జెప్పకుంట ఉండకు. నేను గీ టైముకే జేస్త."

అక్క ఫోను పెట్టేసి, మెట్లెక్కకుండా హాలు ముందు అరుగు మీద కూర్చుండిపోయింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. చెప్పులు వేసుకోబోయి, ఒక కాలికే వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చుంది. ముఖం మీద నవ్వుందో భయముందో తెలియలేదు. ఇంతలో ఫోను మళ్ళీ మోగింది. ఆంటీ ఎత్తింది. విజయవాడ నుంచి ఆమె తమ్ముడు. నేను అలవాటు కొద్దీ రిసీవరు చెవికి పెట్టుకున్నాను.

"ఇల్లు బేరం కుదిరిందిరా. వనస్థలిపురంలో వేరే చూస్తున్నాం. అద్దెకున్నవాళ్ళకి చివర్లో చెప్తాం. ఇప్పుడే చెప్పామనుకో, గోడలకి మేకులు కూడా మిగల్చరు" అంది ఆంటీ, నవ్వుతూ.

మేకులంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా గదిలో మేకులన్నీ మా నాయన డిపో నుంచి తెచ్చి కొట్టినవే. నాకు ఏడుపొచ్చింది. ఇంటికి పోయి అవ్వ చెవిలో చెప్పాను. "ఎవ్వలికి జెప్పకు" అని ఒట్టు కూడా వేయించుకున్నాను. అవ్వ సాయంత్రం నల్లా దగ్గర కూర్చుంది. రాత్రి వంటలయ్యేలోపు సందంతా తెలిసిపోయింది. "ఎవరు చెప్పారు?" అంటే అవ్వ, "అనుకుంటుంటె విన్న, నాకేమెరుక" అంది. ముఖం చూసి మాట్లాడాలని చెప్పిన మా అవ్వ, అందరి ముఖాలూ చూస్తూనే ఆ మాట అంది. నా వైపు మాత్రం చూడలేదు.

రెండు రోజులాగి ఆంటీ అందరినీ హాల్లోకి పిలిచింది. అమ్మ, అవ్వ, నేను, దవాఖానక్క, వెనక పోర్షన్ వాళ్ళు. అక్క డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీర మార్చుకోలేదు.

"నేను మా తమ్ముడితో మాట్లాడిన మాట ఉన్నదున్నట్టు నాకే చెప్పారు బజార్లో. మేకులతో సహా. ఆ టైములో ఇక్కడెవరున్నారో నాకు తెలీదనుకుంటున్నారా?" ఆమె అక్క వైపు తిరిగింది. "నీ ఫోను అయిపోయాక పావుగంట అరుగు మీద కూర్చున్నావు. ఎందుకు కూర్చున్నావమ్మా? ఏం పని?"

అక్క నోరు తెరిచింది. ఎందుకు కూర్చుందో నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆ సంగతి చెప్పాలంటే భివండీ సంగతి చెప్పాలి, అతను చూసిన గది సంగతి చెప్పాలి. పెళ్ళి కాని పిల్ల అంతమంది ముందు ఎలా చెబుతుంది?

"ఊకెనే కూసున్న ఆంటీ. నేనేం వినలే."

"ఊరికే ఎవరైనా కూర్చుంటారా?"

నేను అమ్మ కొంగు చుట్టి పట్టుకున్నాను. నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. నేనే. రెండక్షరాలు. నాలుక మీదికి వచ్చింది కూడా. చెబితే కూలర్ గది పోతుంది, నాయన బెల్టు తీస్తాడు, ఆంటీ ఇక నన్ను పిలవదు. మింగేశాను. అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడు ధైర్యం చెప్పడమో, మాట్లాడొద్దని చెప్పడమో అప్పుడు తెలియదు గానీ, తర్వాత తెలిసింది.

"సరే. ఇక నీకు మా ఇంటికి ఫోన్లు రావు. నంబరు ఇచ్చినవాళ్ళకి చెప్పేసుకో" అంది ఆంటీ. అక్క తల ఊపి మెట్లెక్కి పోయింది. ఎలా చెప్పుకుంటుంది? అతనికి ఫోను లేదు. అతనే బూత్ నుంచి చేయాలి, తను ఇక్కడ ఎత్తాలి. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న దారల్లా ఆంటీ హాలు మూల బల్లే.

మళ్ళీ ఐతారం. ఆంటీ హాల్లో పాత చీర పరిచి ఆవకాయ కలుపుతోంది. మోచేతుల దాకా కారం, ఆవపిండి, నూనె. ఘాటుకు నాకు తుమ్ములు. నేను వెల్లుల్లి వలుస్తున్నాను. పది దాటింది. ఫోను మోగింది.

"నువ్వెత్తు. నా చేతులు బాలేవు" అంది ఆంటీ. నేను లేచేలోపే, "ఆ భివండీ అబ్బాయే అయ్యుంటాడు. ఖాళీ చేసి వెళ్ళిపోయిందని చెప్పు, పీడాపోతుంది" అంది.

మల్లెపూల వాసన రిసీవరు ఎత్తాను. మగ్గాల చప్పుడు. అతనే.

"అక్క ఖాళీ జేసి పోయింది" అన్నాను.

"ఎప్పుడు? ఎటు పోయింది బిడ్డా? ఏమన్న జెప్పి పోయిందా?"

ఆంటీ నన్నే చూస్తోంది. ఇంకా ఏదైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. మా సందులో వయసు పిల్ల గది ఖాళీ చేసి పోవడానికి నాకు తెలిసిన కారణం ఒక్కటే.

"ఊరికి పోయింది. పెండ్లంట."

మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. ఎంతసేపో. నాకు చెవి నొప్పి పుట్టింది.

"మంచిది బిడ్డా" అన్నాడు. పెట్టేశాడు.

ఆంటీ చేతులు ఆవకాయలోనే ఉండిపోయాయి. "పెళ్ళని చెప్పమనలేదే నేను" అంది, గొంతు తగ్గించి. నేను తల దించుకుని వెల్లుల్లి దగ్గర కూర్చున్నాను. ఆమె మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. డాబా మీద అక్క బట్టలు ఆరేస్తున్న చప్పుడు వినపడుతోంది. బకెట్ పిడి కిర్రుమంది. మెట్లు పదహారే. ఫోనొచ్చిందని ప్రతి ఐతారం ఎక్కి దిగే మెట్లే. నేను ఎక్కలేదు.

తర్వాత ప్రతి ఐతారం ఆ టైముకు అక్క డాబా దిగి వచ్చి, కింది నుంచి మూడో మెట్టు మీద కూర్చుని తల దువ్వుకునేది. దువ్విందే దువ్వేది. ఫోను మోగితే దువ్వెన ఆగేది. నేను వేరేవాళ్ళను పిలవడానికి ఆమె పక్క నుంచి పరిగెత్తేదాన్ని. ఆమె నన్ను ఏమీ అడిగేది కాదు. ఫోను మళ్ళీ భివండీ నుంచి రాలేదు. ఆమె ఒకసారి నీలం రంగు ఇన్లాండ్ కవరు కొని తెచ్చుకోవడం చూశాను, దానికి జవాబు వచ్చిందో లేదో తెలియదు. పెళ్ళైపోయిందనుకున్నవాడు ఉత్తరం విప్పుతాడా? విప్పినా నమ్ముతాడా? ఫోనులో విన్నది అప్పట్లో అచ్చయినంత నిజం.

ఆషాఢంలో ఆమె నిజంగానే ఖాళీ చేసింది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప. ఆటో ఎక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, మందు అట్ట చింపిన ముక్క ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద కొత్త దవాఖాన పేరు, మూసారాంబాగ్ అని రాసి ఉంది.

"నాకు ఫోనొస్తే ఇది జెప్పు బిడ్డా. ఆంటీకి ఎరుకగాకుంట. నువ్వైతెనే జెప్తవ్" అంది.

నువ్వైతేనే చెబుతావు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం పుడుతుంది. ఆ అట్టముక్క నా జామెట్రీ పెట్టెలో చాలాకాలం ఉంది. మూసారాంబాగ్ మా సందుకు ఎంతో దూరం కాదు, నడిచి పోవచ్చు. పోలేదు. పెద్దయ్యాక ఒకసారి పోయాను. ఆ దవాఖాన చోట టైల్స్ దుకాణం ఉంది.

ఇల్లు అమ్ముడైంది. మేం ఎల్బీనగర్ వైపు వచ్చేశాం. వచ్చేటప్పుడు మా నాయన గోడల మేకులన్నీ పీకి సంచిలో వేసుకున్నాడు. అది చూసి ఆంటీ నావైపు ఒక చూపు చూసింది. మేకుల మాట ఎవరి చెవిన పడిందో ఆమెకు అప్పుడు అర్థమైందా? నాకు ఇప్పటికీ అనుమానమే. అర్థమైనా ఆమెకూ చెప్పుకోవడానికి వీల్లేదు కదా. ఆ ఆవకాయ పొద్దున మేమిద్దరం ఒక్కటే పని చేశాం. ఇప్పుడా ఇల్లు లేదు, అక్కడ కోచింగ్ పిల్లల హాస్టల్ లేచింది. పండ్ల మార్కెట్ అబ్దుల్లాపూర్‌మెట్ వైపు తరలిపోయింది. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు. సందు మలుపులో మామిడి వాసన కోసం నేను వెర్రిదానిలా ముక్కు ఎగబీలుస్తుంటాను. పెట్రోలు వాసన తప్ప ఏమీ రాదు.

నేను కెమెరా మీద బొట్టుబిళ్ళ పెట్టేది వట్టి అనుమానంతో కాదని మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. దొంగచాటుగా వినేవాళ్ళు ఎలా ఉంటారో నాకు బాగా తెలుసు. వట్టివేళ్ళ వాసనలో, అరచేత్తో రిసీవరు మూసుకుని, ముద్దుగా ఉంటారు. వాళ్ళ మీద ఎవరికీ అనుమానం రాదు. ఊరికే కూర్చున్నవాళ్ళ మీద, ఊరికే నిలబడ్డవాళ్ళ మీద వస్తుంది.

ఆ ఆదివారం ముక్కల గిన్నె మీద మూత పెట్టి, చెప్పులేసుకుని కిందికి దిగాను. లిఫ్ట్ ఎక్కలేదు. గేటు అవతల మెట్లు కడిగే ఆమె నిలబడి ఉంది. చేతిలో కొంగు ముడి నలుపుతోంది.

"నా ఫ్లాటు నంబరు ఎందుకు చెప్పినవమ్మా?" అని అడిగాను.

"మీరొక్కరే నన్ను పేరువెట్టి పిలుస్తరమ్మా. ఏం తప్పు జేసిన్నో ఎవ్వలు జెప్తలేరు. ఫోన్ల పేరు లేదు, పో అంటున్నడు ఈయన."

"ఆ రోజు మూడో ఫ్లోర్‌ల తలుపు కాడ ఎందుకు నిలవడ్డవ్?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

"ఆడ కిటికీ కాడ సిగ్నల్ దొర్కుతదమ్మా. కింద సెల్లార్ల దొర్కదు. నా బిడ్డ హాస్టల్ల ఉంటది. గా టైముకే ఫోన్ జేస్తది. ఎత్తకపోతె పరేషానైతది."

నమ్మానా? పూర్తిగా నమ్మానని చెప్పలేను. నాది పుట్టుకతోనే అనుమానం. సిగ్నల్ సంగతి నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. అయితే ఆమె ముఖం నాకు కనిపిస్తోంది. ఆ ముఖం చూస్తుంటే, చెప్పు చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చున్న ఇంకో ముఖం కనిపించింది. అవ్వ రిసీవరు వెనక్కి తిప్పి చూసినందుకు నవ్వుకున్నాం గానీ, ఆమె వెతికింది ఇలా ఎదురుగా కనపడే ముఖాన్నే.

"మళ్ళ నొక్కు" అన్నాను సెక్యూరిటీ అతనితో.

"మేడమ్, సెక్రటరీ సార్ వద్దన్నడు."

"నువ్వు నొక్కు. తియ్యాల్నా వద్దా నేను చెప్తా."

అతను నొక్కాడు. నా చేతిలో ఫోను మోగింది. తెర మీద ఆమె ఫోటో, ఎదురుగా ఆమె. ఆకుపచ్చ గుండ్రం నొక్కాను. వేలికి ఇంకా మామిడి సొన ఉంది, ఒకసారికి పట్టలేదు, రెండోసారి నొక్కాను. గేటు తెరుచుకుంది. ఆమె నాకు దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ దండం తీసుకునే అర్హత నాకు లేదు. ఆ బొటనవేలి బొమ్మల్లో ఒకటి నాదేనని ఆమెకు చెప్పాను. ఆమె చీపురు తీసుకుని మెట్ల వైపు పోయింది.

నేను ఇంట్లోకి వచ్చి కూర్చోకముందే గ్రూపులో మొదలైంది. "ఆమె మూడో ఫ్లోర్‌లో ఉంది! ఎవరు లోపలికి రానిచ్చారు?" అని ఒకరు. "వద్దని చెప్పాక కూడా ఎవరండీ ఇది?" అని ఇంకొకరు. ఈ కొత్త యంత్రం ఎవరు నొక్కారో రాసి పెట్టుకుంటుంది, ఫ్లాటు నంబరుతో సహా. ఇంకో నిమిషంలో సెక్రటరీగారు చూసి చెప్పేస్తారు. దాగడానికి ఏ కొంగూ లేదు. చూడనివ్వు అనుకున్నాను. కానీ ఆయన చెప్పడం వేరు, నేను చెప్పడం వేరు.

చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఫోను తీసుకున్నాను. ఆ హాల్లో ఆంటీ అడిగినప్పుడు మింగేసిన ఆ రెండక్షరాలు మెల్లగా, ఒక్కొక్కటీ చూసుకుంటూ రాశాను.

నేనే.